నన్ను లేపి పలకరించిన వాళ్ళు

రాత్రుల గురించి ఎక్కువ రాయను. రాత్రి నిద్ర పట్టదని చెప్తే ఎవరైనా అయ్యో అంటారు. పగలు పడుకుంటానని చెప్తే ఎవరూ అనరు. నా గొడవంతా ఆ పగటి నిద్రతోనే. అందుకే దాని గురించే రాస్తాను.

నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉంది. మనల్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే మెదడులో, వెన్నుపాములో నరాల మీదుండే పొరను కొరికేసే జబ్బు ఇది. పూర్తిగా పోయే మందు లేదు, అదుపులో పెట్టుకుంటూ బతకాలి. రాత్రి పడుకోగానే కాళ్ళు వాటంతట అవే బిగుసుకుంటాయి, ఎగిరిపడతాయి. అవి ఊరుకున్నాయనుకునేలోపు బాత్‌రూమ్‌కు పోవాల్సి వస్తుంది. పోయి వచ్చి ఒరిగితే మళ్ళీ కాళ్ళు మొదలుపెడతాయి. తెల్లవారేసరికి రాత్రంతా వంగి నాట్లు వేసిన మనిషిలా ఉంటాను. రాత్రుల సంగతి ఇంతే.

కరీంనగర్‌లో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్తాను. నా జబ్బు సంగతి తెలిశాక వాళ్ళు నాకు పొద్దుటి క్లాసులే ఇచ్చారు. మధ్యాహ్నానికి ఇంటికి వచ్చి రెండు ముద్దలు తినేసరికి ఒంట్లో ఏదో ఆరిపోతుంది. అలసట అనే మాట దీనికి చాలదు. అలసిన మనిషి కాసేపు కూర్చుంటే తేరుకుంటాడు. ఇది కూర్చుంటే పోయేది కాదు. చేతిలో గ్లాసు బరువవుతుంది, నాలుక మందమవుతుంది, ఎదుటివాళ్ళ మాట చెవిలో పడినా అర్థం కావడానికి ఆలస్యమవుతుంది. అప్పుడు చల్లటి గదిలో పడుకుంటే, ఎందుకో మరి, కాళ్ళు కూడా కనికరించి ఊరుకుంటాయి. గంటో రెండు గంటలో నిజమైన నిద్ర పడుతుంది. అది దొరికిన మర్నాడు నేను బోర్డు దగ్గర నిలబడి పాఠం చెప్తాను. దొరకని మర్నాడు మెట్ల దగ్గరే ఎడమ కాలు మొరాయిస్తుంది. నా ఉద్యోగం ఆ మధ్యాహ్నం నిద్ర మీద నిలబడి ఉంది. దాన్ని కళ్ళల్లో పెట్టుకొని కాపాడుకోమని హైదరాబాద్ డాక్టరమ్మ నాతో గట్టిగానే చెప్పింది.

ఆమె కంటే ముందు ఇక్కడే ఒక డాక్టరుకు చూపించుకున్నాం. నిద్ర పట్టడం లేదని నేను చెప్తే ఆయన నా వంక చూడకుండా మా ఆయన్ను అడిగాడు, ఇంట్లో ఏమైనా గొడవలా అని. అత్తాకోడళ్ళకు పడదా అని కూడా అడిగాడు. లేదండీ, కాళ్ళు ఎగురుతున్నాయి అని నేనంటే, "మేడం గారు కొంచెం ఎక్కువ ఆలోచిస్తారు" అని నవ్వి నిద్ర మాత్ర రాశాడు. నా కాళ్ళ సంగతి మా ఆయన్ను అడిగే చదువు ఏ కాలేజీలో చెప్తారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఎండ కూడా ఈ జబ్బుకు పడదు. ఒళ్ళు వేడెక్కితే చూపు మసకబారుతుంది, కాళ్ళు తేలిపోతాయి. అందుకని మా ఆయన పడకగదిలో ఏసీ పెట్టించాడు. ఒకసారి బాత్‌రూమ్‌లో జారిపడి లోపల గడియ తీయలేక చాలాసేపు ఇబ్బంది పడ్డాను. ఆ మరుసటి రోజే ఆయన బాత్‌రూమ్‌కూ పడకగదికీ గడియలు ఊడదీయించాడు. నా మంచికే చేశాడు. దాని ఫలితం ఏమిటంటే, మా ఇంట్లో ఏసీ ఉన్న ఒకే ఒక్క గదికి గడియ లేదు. వేసవిలో చుట్టాలకు అంతకంటే ఏం కావాలి?

చుట్టాల దగ్గరికే వస్తున్నాను. మా వైపు ఎవరికైనా బాగాలేదంటే పోయి చూసి రావాలి. పోకపోతే మాట పడాలి. పోయినవాళ్ళు మనిషిని కళ్ళారా చూసి మాట్లాడించాలి. పడుకున్న రోగిని గడప అవతల నుంచి చూసి వెళ్ళిపోతే అది చూసినట్టు కాదు. రోగి లేచి "వచ్చిండ్రా, కూసోండ్రి" అంటేనే వచ్చినవాళ్ళ ఋణం తీరుతుంది. లేపకపోతే ఇంటివాళ్ళది తప్పు. లేవకపోతే రోగికి పొగరు.

ఈ పద్ధతిలో మంచి లేదనను. మా బాపు పక్షవాతంతో పడిపోయినప్పుడు ఊళ్ళోవాళ్ళు వంతులవారీగా వచ్చి కూర్చున్నారు, వాళ్ళు లేకపోతే మా అవ్వ తిండి మానేసి ఉండేది. కానీ నాది నాలుగు రోజుల్లో తగ్గే జ్వరం కాదు గదా. బతికినన్నాళ్ళూ ఉండే జబ్బు. బతికినన్నాళ్ళూ మధ్యాహ్నం మూడింటికి లేచి "కూసోండ్రి" అనాలంటే నేను ఎన్నటికి పడుకోవాలి?

వచ్చినవాళ్ళు ఊరికే పోతారా? ఒకాయన నా పిక్క మీద గిచ్చి, "తెలుస్తుందా బిడ్డా?" అని అడిగాడు. తెలిసింది. గట్టిగానే తెలిసింది. ఒకామె గసగసాలు పాలల్లో నూరి తాగమంది. ఇంకొకామె అరికాళ్ళకు ఆముదం రాసుకోమంది. "మనసుల ఏం పెట్టుకోకు, నిద్ర దానంతట అదే వస్తది" అని అందరూ అన్నారు. "మా ఆయనకు గూడ నిద్ర పట్టదు తల్లీ, రాత్రంత టీవీ సూస్తడు" అని ఒకామె ఓదార్చింది. నాకు ఒళ్ళు మండేది మాత్రం ఒక్క మాటకే. "పగటీలి పంటె రాత్రి నిద్ర ఎట్లొస్తది?" ఈ మాట అనని మనిషి మా గుమ్మం దాటలేదు. రాత్రి నిద్ర రాక పగలు పడుకుంటున్నానని నేను చెప్తే, తల ఊపి, మళ్ళీ అదే మాట అనేవాళ్ళు. వాళ్ళు తెచ్చిన బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు ఫ్రిజ్‌లో పేరుకుపోయాయి. ఎవరైనా ఒక్క మధ్యాహ్నం రాకుండా ఉండి ఉంటే అంతకంటే మంచి పండు ఉండేది కాదు.

పోయిన డిసెంబర్‌లో జబ్బు ఒక్కసారిగా తిరగబెట్టింది. హైదరాబాద్‌లో కొన్ని రోజులు ఉండి స్టెరాయిడ్ ఎక్కించుకొని వచ్చాను. ఆ మందు ఉన్న కాస్త నిద్రనూ ఊడ్చిపెట్టింది. అదే సమయానికి నా వార్త మా అత్తగారి వైపు ఊళ్ళన్నిటికీ పాకింది. వాళ్ళది బోథ్ దగ్గర, భూములున్న కుటుంబం. మామగారు పోయాక అత్తమ్మ మా దగ్గరికి కరీంనగర్ వచ్చేసింది. మా అమ్మాయి హైదరాబాద్‌లో హాస్టల్లో ఉంటుంది. మా ఆయన పొద్దున పోతే గ్రానైట్ యూనిట్ నుంచి చీకటి పడ్డాకే వస్తాడు. అంటే మధ్యాహ్నాలు ఇంట్లో ఉండేది నేనూ అత్తమ్మే.

చుట్టాలు వస్తే నన్ను లేపేది అత్తమ్మే. అరవదు. మంచం పక్కన నిలబడి పాదం పట్టుకొని ఊపుతుంది. "ఏమే, లే. చుట్టాలొచ్చిండ్రు. ముఖం కడుక్కో, బొట్టు పెట్టుకో." ఇస్త్రీ చీర కూడా తీసి మంచం మీద పెడుతుంది. నేను పడుకున్న చోటే పలకరిస్తానంటే ఒప్పుకోదు. తల దువ్వుకొని హాల్లోకి నడిచి రావాలి. నడిచి వచ్చి, నవ్వి, కూసోండ్రి అన్నాక, ఎండ రోజుల్లో ఉక్కగా ఉందని అందరం కలిసి మళ్ళీ ఆ ఏసీ గదిలోకే పోయేవాళ్ళం. వాళ్ళు నా మంచం మీద కూర్చునేవాళ్ళు. నేను కుర్చీలో కూర్చునేదాన్ని.

"అత్తమ్మా, పండుకున్నప్పుడు నన్ను లేపకు. నీ కాళ్ళు మొక్కుత," అన్నాను ఒకరోజు.

"మరి వచ్చినోళ్ళకు ఏమని చెప్పాలె?"

"పండుకున్నదని చెప్పు."

"పట్టపగలా?" అంది, నేనేదో బూతు మాట అన్నట్టు.

ఫిబ్రవరిలో మూడుసార్లో నాలుగుసార్లో నా మొదటి గంట క్లాసు పోయింది. పొద్దున లేచి నిలబడలేకపోయాను. ప్రిన్సిపాల్ పిలిపించి, టీ తెప్పించి, చాలా మర్యాదగా అన్నాడు. "మేడం, వచ్చే సెమిస్టర్ నుంచి ఫస్ట్ అవర్ వేరేవాళ్ళకు ఇద్దామనుకుంటున్నం. మీరు జర రెస్ట్ తీసుకోండ్రి." పొద్దుటి క్లాసులు తప్ప నేను చెప్పలేనని ఆయనకు తెలుసు. రెస్ట్ తీసుకోమంటే ఇంటికి పొమ్మనే. ఈ సెమిస్టర్ అయ్యేదాకా ఒక్క క్లాసు కూడా పోనివ్వను, ఆ తర్వాత మీ ఇష్టం అని మాటిచ్చి వచ్చాను. రెస్ట్ తీసుకోవడానికి ఇంట్లో చోటు లేదని ఆయనకు ఎలా చెప్పను?

మార్చి నెలాఖరులో, ఎండలు ముదిరాక, బోథ్ నుంచి మా ఆయన మేనత్త వచ్చింది. అంటే అత్తమ్మకు పెద్దాడబిడ్డ. మా అత్తమ్మ ఈ వయసులో కూడా ఆమె ముందు కుర్చీలో కూర్చోదు. వేములవాడ రాజన్న దర్శనానికి ఒక తుఫాన్ బండి నిండా మనుషులతో వచ్చి, "ఎట్లాగూ దారే గదా" అని మా ఇంటికి తిప్పించింది. వేములవాడ నుంచి బోథ్ పోయే దారిలో కరీంనగర్ తగలనే తగలదు. ఆ ముక్క చెప్పడానికి నేను మెలకువగా లేను. చాలా రోజుల తర్వాత ఆ మధ్యాహ్నం నాకు నిద్ర పట్టింది.

పాదం ఊగింది. "లే, లే. మేనత్తొచ్చింది." కళ్ళు తెరిచేసరికే గుమ్మంలో నలుగురు నిలబడి ఉన్నారు, చీర కట్టుకునే సమయం కూడా ఇవ్వకుండా. అత్తమ్మ చేయి పట్టి లేపింది. నిద్రలో ఉన్న కాళ్ళకు ఇంకా కబురు అందలేదు. రెండడుగులు వేసి ఆమె చేతిలోంచి జారి మోకాళ్ళ మీద పడ్డాను. కొత్తగా వేయించిన గ్రానైట్ నేల అది, మా ఆయన యూనిట్ నుంచే వచ్చింది. నలుగురూ కలిసి నన్ను లేవదీసి మంచం మీద కూర్చోబెట్టారు.

మేనత్త మంచం మీద నా పక్కనే కూర్చొని, నా మోకాలు తడుముతూ తక్కినవాళ్ళతో అంది. "సూసిండ్రా? గింతసేపు పంటె కాళ్ళు మొద్దుబారయా? జర తిరుగుతుంటె గద నరాలు సాగేది."

నాకు ఆ తర్వాత ఏం ఆగలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆ కుటుంబంలో పెద్దవాళ్ళ ముందు గొంతు ఎత్తని దాన్ని. "రాత్రంత నేను పండలే. గిప్పుడే కన్ను అంటుకున్నది. మీరు నన్ను సూడనీకి వచ్చిండ్రా, నా పానం తియ్యనీకి వచ్చిండ్రా?" అన్నాను. అని ఊరుకోలేదు. నా గదిలోంచి పొమ్మన్నాను. నా మంచం మీదినుంచి లేవమన్నాను.

నన్ను లేపకముందే పొయ్యి మీద పెట్టిన టీని అత్తమ్మ ట్రేలో తెచ్చింది. ఒక్కరూ ముట్టలేదు. "నడువుండ్రి," అంది మేనత్త. "మంచికొస్తే మొఖం మీద ఉమ్మేసినట్టు మాట్లాడవట్టె. గీ ఇంట్ల మనకు నీళ్ళు గూడ వద్దు." తుఫాన్ బండి తలుపు ధడేల్మని మూసుకుంది. ఆ రాత్రికల్లా బోథ్‌లో, నిర్మల్‌లో, ఆదిలాబాద్‌లో ఉన్న చుట్టాలందరికీ నేను గయ్యాళినని తెలిసిపోయింది. మా ఆయన ఫోన్ మోగుతూనే ఉంది. ఆయన అందరికీ "ఊ, ఊ" అని, నా దగ్గరికి వచ్చి మోకాలికి మందు రాసి, ఏమీ అనకుండా పడుకున్నాడు. ఆ ఊకొట్టడం మీద కూడా నాకు కోపమే. ఒక్కరికైనా "తప్పు మీదే" అని ఉండొచ్చు.

ఆ తర్వాత ఎవరూ రాలేదు. అత్తమ్మ నాతో మాట మానేసింది. ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉండేదంటే, నిజం చెప్తున్నాను, నాకు చాలా బాగుండేది. మధ్యాహ్నాలు పడుకున్నాను. అన్ని రోజులూ నిద్ర వచ్చిందని కాదు, ఈ జబ్బు మన మాట వినదు. కానీ వచ్చిన రోజు దాన్ని ఎవరూ చెడగొట్టలేదు. క్లాసు ఒక్కటి కూడా పోలేదు.

ఒక ఆదివారం అత్తమ్మ వంటగదిలో చింతపండు గింజలు తీస్తూ, నా వైపు చూడకుండా, తనే మొదలుపెట్టింది.

"నువ్వు దవఖానల ఉన్నప్పుడు మా బోథ్ వదినె ఫోన్ చేసింది. ఆమె తోటికోడలికి ఒక బిడ్డ ఉన్నదట. మొగడు ఇడిచిపెట్టిండట, పిల్లలు లేరట. నీ కొడుకు బతుకు గిట్లనే పోవాల్నా మరదలా, జర ఆలోచన చెయ్యి అన్నది."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు వచ్చింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

"నువ్వేమన్నవు?"

"నా కోడలు మంచం పట్టలే అన్న. మంచిగనే తిరుగుతుంది, కాలేజికి పోతుంది, నమ్మకుంటె వచ్చి సూసుకోమన్న. ఆమె ఊకుంటదా, ఊరంత చెప్పింది. ఒక్కొక్కలు నువ్వు లేస్తున్నవా లేదా అని సూడవట్టిరి. గందుకే లేపిన. లేపి, బొట్టు పెట్టిచ్చి, నడిపిచ్చిన. నడుస్తుంది సూడుండ్రి అని." చింతపండు పక్కకు నెట్టింది. "పండుకున్నదని చెప్తె, మంచం పట్టిందంటరు. గప్పుడు నేనేం జవాబు చెప్పాలె?"

"ఆయనకు ఎరుకనా?"

"వానికెందుకు చెప్త? చెప్తె పోయి కొట్లాట పెట్టుకుంటడు."

  మేనత్త కొడుకు ఆదిలాబాద్ కోర్టులో వకీలు. భార్య బతికుండగా ఇంకో పెళ్ళి చేస్తే ఏమవుతుందో ఆ ఇంట్లో తెలియదా? బ్రెడ్డు ప్యాకెట్ చేతిలో పట్టుకొని, నా పిక్క గిచ్చి, నా మంచం మీద కూర్చొని, నా ఏసీ గాలి పీల్చుకుంటూ, వీళ్ళు చూసింది నేను ఎలా ఉన్నానని కాదు. నా చోటు ఖాళీ అయిందా లేదా అని. ఈ జబ్బే మా ఆయనకు వచ్చి ఉంటే నాకు ఇంకో మొగుణ్ణి చూసేవాళ్ళా? చూడరు. మొగుడి పాదాలు పట్టుకొని కూర్చోమనేవాళ్ళు. ఎవరైనా అలికిడి చేస్తే, "ఉష్, ఆయన పండుకున్నడు" అనేవాళ్ళు. మగవాడి నిద్రకు ఇల్లంతా కాపలా కాస్తుంది. నా నిద్ర మాత్రం నా మీద నేరం మోపడానికి సాక్ష్యమైంది.

అత్తమ్మ మీద కోపం పోయిందని రాస్తే అబద్ధం అవుతుంది. ఈ సంగతి నాకు చెప్పకుండా నెలల తరబడి నన్ను ప్రదర్శనకు నిలబెట్టింది. నన్ను కాపాడుతున్నాననుకుంటూనే నా కాళ్ళు తీసేస్తోంది. ఆ మాట ఆమెతోనే అన్నాను.

"అత్తమ్మా, నువ్వు లేపుకుంట పోతే నేను నిజంగనే మంచం పడ్త. పండనిస్తెనే నేను నడుస్త. నిద్ర నాకు మందు. డాక్టరమ్మ నీ ముంగటనే చెప్పింది గద."

ఆమె మొదటిసారి నా వైపు తిరిగింది. "నిద్ర మందా?" అంది. "గా ముక్క సక్కగ చెప్పొద్దా మరి?" నేను ఆ ముక్క ఆమెకు చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టి ఉంది.  అప్పటిదాకా ఆమెకు నా నిద్ర మందు కాదు, దాచిపెట్టాల్సిన జబ్బు.

జూన్ నుంచి ఫస్ట్ అవర్ నాకుంటుందో లేదో ప్రిన్సిపాల్ ఇంకా చెప్పలేదు. ఏప్రిల్ మధ్యలో, మర్నాడు పొద్దున్నే నాకు క్లాసుండగా, మేనత్త మళ్ళీ వచ్చింది. నీళ్ళు కూడా ముట్టనన్న మనిషే వచ్చింది. ఈసారి తుఫాన్ బండి లేదు. ఆమె, ఆమె తోటికోడలు, అదే ఆ మొగుడు వదిలేసిన అమ్మాయి తల్లి, ఇద్దరే బస్సు దిగి ఆటోలో వచ్చారు. గడియలేని తలుపు వెనక, ఏసీ చప్పుడులోంచి, ప్రతి మాటా నాకు వినపడింది.

"కోడలేది?"

"పండుకున్నది వదినే."

"పట్టపగలా?"

"ఔ. పట్టపగలే."

"జర లేపు మరి. గింత దూరం వచ్చి సూడకుంట ఎట్ల పోవాలె?"

"లేపను." అత్తమ్మ వాళ్ళ కోసం కుర్చీలు జరిపిన చప్పుడైంది. "పొద్దుగాల కాలేజి ఉన్నది. కూసోండ్రి, చాయ్ పెడ్త. ఇంట్ల నేనున్న గద, నన్ను సూసి పోండ్రి."

 అప్పుడు ఒక కొత్త గొంతు, తోటికోడలిది, మెల్లగా అడిగింది. "మంచం పట్టినట్టేనా మరి?"

నా ఒళ్ళంతా లేవమంది. ముఖం కడుక్కొని, బొట్టు పెట్టుకొని, ఆ హాల్లోకి నడిచి వెళ్ళి వాళ్ళ ముందు నిలబడాలనిపించింది. కుడి కాలు దుప్పటి కింద ఎగురుతూనే ఉంది. ఆ రోజు నాకు నిద్ర రాలేదు, వచ్చేలా కూడా లేదు.

అయినా లేవలేదు.